చూచుట – చూచుకొనుట

మన పత్రికను కుడి వైపు నుంచి తెరిస్తే ఉర్దూ, ఎడమ వైపు నుంచి తెరిస్తే తెలుగు. ఈ రెండు భాషలలోనూ యాత్రా రచనకు మంచి పూర్వులున్నారు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చారు. వారి 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయినది. హైదరాబాదువాడైన యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్ 1837లో కలకత్తాలో ఓడ ఎక్కి ఇంగ్లండు చూచి వచ్చాడు. అతని సఫర్‌నామా 1847లో ఢిల్లీలో వెలువడినది. వీరాస్వామయ్యగారు గుడులు, గోపురాలతో సరిపెట్టుకొనక దారి పొడుగునా ధాన్యం ధరలు, నీటి వసతి, జనుల బ్రతుకుతెరువు వ్రాసుకొన్నారు. కంబల్‌పోష్ చూచిన దేశాన్ని తన దేశంతో పోల్చి చూచుకొన్నాడు. యాత్రికునికి ఈ రెండు అలవాట్లూ ఉండవలసినవే అని తరగతిలో విద్యార్థులకు చెప్పే మాకు, ఆ మాటను మా మీదనే పరీక్షించుకొనే అవకాశం గడచిన వేసవి సెలవులలో కలిగినది.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఫ్రీమాంట్ అనే ఊరున్నది. మా ఆపా, దుల్హాభాయ్ అక్కడ స్థిరపడి చాలా ఏళ్ళయినది. వారి పిలుపు మీద మేము సకుటుంబంగా వెళ్ళాము. నూజివీడు వారికి మే నెలలో ఊరు విడవడం అంత తేలిక కాదు. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయలు ఒకటి వెంట ఒకటి కోతకు వచ్చి, లారీలు నున్న మార్కెట్టు దారి పట్టే రోజులవి. ఆపా ఫోనులో కోరినది ఒక్కటే, రసాలు. వికిరణం జరిపిన మన మామిడిని 2007 నుంచి ఆ దేశం వ్యాపార సరుకుగా అనుమతిస్తున్నది గాని, ప్రయాణికుని సంచిలో తాజా పండు దిగదు. తాండ్రతోనూ ఆవకాయతోనూ ఆమెను ఊరడించవలసి వచ్చినది.

మా తోట సంగతి ఇక్కడ చెప్పడం అవసరం. మా దాదా ఇతరుల తోటలకు కావలి కాసి, తరువాత గుత్తకు పట్టి, చివరకు నాలుగెకరాలు స్వంతం చేసుకొన్నారు. అందులో ఒక ఎకరంలో ఆయన స్వహస్తాలతో నాటిన రసాల చెట్లున్నాయి. ఇప్పుడు తోట చూచుకొనేది మా భాయిజాన్. పూత బాగుంటే తేనెమంచు పురుగు, అది పోతే నల్ల తామర పురుగు, అన్నీ గడచి కాయ నిలిచిన ఏట ధర లేకపోవడం. ఇరుగు పొరుగు రైతులు కొందరు మామిడి కొట్టించి పామాయిల్ వేశారు. భాయిజాన్ కూడ ఆ ఆలోచనలోనే ఉన్నారు. మేము బయలుదేరే నాటికి ఆ మాట ఇంట్లో తేలలేదు.

ఫ్రీమాంట్ నుంచి యోసెమిటీ జాతీయోద్యానవనానికి కారులో సుమారు నాలుగు గంటల దారి. ఆల్టమాంట్ కనుమలో గాలిమరల వరుసలు దాటగానే విశాలమైన మైదానం వస్తుంది. ఆ మైదానమంతా బాదం తోటలే. లోకంలో పండే బాదంలో దాదాపు ఎనభై పాళ్ళు ఈ ఒక్క రాష్ట్రానిదే. మన రంజాను పండుగ షీర్ ఖుర్మాలో పడే బాదం పప్పు చాలవరకు ఈ నేల నుంచే వస్తున్నది. దారం పట్టి గీచినట్లున్న ఆ వరుసలను చూచి ముచ్చటపడుతుండగా, ఒకచోట తోట తోటంతా వేళ్ళతో సహా పెకలించి పడవేసి ఉన్నది. చెట్లకు తెగులేమైనా వచ్చినదా అని అడిగాము. దుల్హాభాయ్ నవ్వి, "తెగులు లేదు, వయసు వచ్చినది. ఇక్కడ చెట్టుకు ఇరవై అయిదేళ్ళు నిండితే పీకి, పొట్టు చేసి, మళ్ళీ మొక్క నాటుతారు" అన్నారు. అరవై ఏళ్ళ మా రసాల చెట్లు మాకు జ్ఞాపకం వచ్చాయి.

ఆ రాత్రి కొండల మొదట ఉన్న మారిపోసా అనే చిన్న ఊరిలో బస చేశాము. అక్కడ రాత్రి ఎనిమిదయితే మనకు మరునాటి ఉదయం ఎనిమిదిన్నర. భాయిజాన్ ఫోను చేశారు. ముందు నాటి సాయంత్రం ఈదురుగాలికి సగానికి సగం కాయ రాలిపోయినదట. రాలిన కాయను అడిగినవాడు లేడట. ఈ కాపుతో సరి, రంపం తెప్పిస్తానన్నారు. దాదా నాటిన చెట్లు కదా, మేము వచ్చేవరకు ఆగరాదా అన్నాము. ఆయన మన ఇళ్ళలోని ఉర్దూలో ఇచ్చిన జవాబు ఇది: "తుమ్ దేఖ్‌నే వాలే, మై దేఖ్‌భాల్ కర్‌నే వాలా." నువ్వు చూచేవాడివి, నేను చూచుకొనేవాణ్ణి అని దాని అర్థం. ఆ మాటలో కోపం లేదు. లెక్క ఉన్నది. మరునాడు ఉద్యానవనంలో అడుగు పెట్టినప్పుడు ఆ మాట మా వెంటనే వచ్చినది.

మర్సెడ్ నది ఒడ్డు వెంట దారి పైకి సాగుతుంది. మే నెలలో కొండల మీది మంచు కరగడం వల్ల నది తెల్లగా నురుగులు కక్కుతున్నది. వవోనా సొరంగం చివర కారు దిగి చూచేసరికి లోయ మొత్తం ఒక్కసారిగా కంటబడినది. ఎడమ ప్రక్కన ఎల్ కాపిటాన్ అనే ఏకశిల. మన చార్మినారులు పదహారింటిని ఒకదానిపై ఒకటి నిలిపితే దాని ఎత్తు వస్తుంది. దూరాన సగం కోసిన గుమ్మటంలా హాఫ్ డోమ్. కుడి ప్రక్కన శిల మీది నుంచి గాలికి అటూ ఇటూ ఊగుతూ దిగే జలపాతం. ఇదంతా హిమనదులు లక్షల ఏళ్ళు ఒరసిన నల్లరాతి పని. మా అమ్మాయి కొంతసేపు మాటాడలేదు. మాట పెగిలిన తరువాత, "ఇది ఎవరిది?" అని అడిగినది. తోటలున్న ఊరి పిల్ల కదా, ఆ ప్రశ్నే ముందు తోచినది.

అందరిదీ అని దుల్హాభాయ్ చెప్పారు. ఆ జవాబు వెనుక పెద్ద చరిత్రే ఉన్నది. అమెరికాలో అంతర్యుద్ధం సాగుతున్న 1864 జూన్ 30న అధ్యక్షుడు లింకన్ ఈ లోయను, దక్షిణాన ఉన్న మహావృక్షాల వనాన్ని ప్రజల వినియోగం కోసం ఏ నాటికీ అన్యాక్రాంతం కాకుండ కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించే చట్టంపై సంతకం చేశాడు. 1890లో చుట్టుప్రక్కల కొండలు జాతీయోద్యానవనమైనాయి. 1906లో లోయ కూడ అందులో కలిసినది. నేడు మూడువేల చదరపు కిలోమీటర్లకు పైబడిన ఆ వనానికి ఏటా దాదాపు నలభై లక్షల మంది వస్తారు. ఒక దేశం తన నేలలో అందమైన భాగాన్ని ఏ జమీందారుకూ ఏ కంపెనీకీ ఇవ్వక జనులందరి పేర వ్రాయడం సామాన్యమైన విషయం కాదు. కూలివాడు, కోటీశ్వరుడు ఒకే బండ మీద కూర్చుండి ఒకే జలపాతాన్ని చూస్తారు.

అయితే అమ్మాయి అడిగిన ప్రశ్నకు మరొక జవాబు కూడ ఉన్నదని మధ్యాహ్నం తెలిసినది. లోయలోని ప్రదర్శనశాల వెనుక, ఇక్కడి మొదటి నివాసుల పల్లెను నమూనాగా కట్టి ఉంచారు. చెట్టు బెరడులు నిలబెట్టిన గుడిసెలు, వాటికి కొంత దూరాన బండరాతిలో తొలిచిన గుంటలు. మా ఇంటివారు ఆ గుంటలో చేయి పెట్టి, "ఇది రోలు గదా" అన్నారు. రోలే. ఆ లోయను తమ భాషలో 'అవానీ' అని పిలుచుకొన్న ప్రజలు సింధూర జాతి చెట్ల కాయలను ఆ రోళ్ళలో దంచి, పిండిని నీటితో పదే పదే కడిగి చేదు పోగొట్టి, అంబలి కాచుకొనేవారు. 1851లో బంగారు గనుల కోసం వచ్చినవారి తరపున ఒక సాయుధ దళం లోయలో ప్రవేశించి, వారి పల్లెలను తగులబెట్టి, వారిని తరిమినది. వారి నాయకుని పేరు టెనాయా. ఒక సరస్సుకు అతని పేరే పెట్టి గౌరవిస్తున్నామని దళం వారు చెప్పగా, దానికి ముందే పేరున్నదని అతడు బదులు చెప్పినట్లు ఆ దళంలోని వైద్యుడే వ్రాసినాడు. తరువాత కొందరు తిరిగి వచ్చి యాత్రికులకు కూలి పనులు చేస్తూ అక్కడే బ్రతికారు. లోయలో వారి చివరి పల్లెను 1969లో ఉద్యానవనం వారే నేలమట్టం చేశారు. అదే స్థలంలో తమ సాంస్కృతిక కేంద్రం కట్టుకొనడానికి 2018లో ఆ ప్రజలకు ఒప్పందం దొరికినది.

ఈ కథ ఇంతటితో ఆగితే, లోకంలో ఎన్నోచోట్ల జరిగిన అన్యాయాలలో ఇదొకటి అనుకొని వచ్చేవారము. మమ్మల్ని నిలబెట్టినది తరువాతి సంగతి. తొలినాటి యాత్రికులు ఈ లోయను చూచి, మనిషి చేయి పడని స్వర్గమని పొంగిపోయి వ్రాశారు. పచ్చిక బయళ్ళు, వాటి మధ్య ఎడమెడముగా పెద్ద చెట్లు, అడ్డు లేకుండ కనబడే కొండలు, అంతా ఎవరో పెంచిన తోటవలె ఉన్నదన్నారు. అది నిజముగా పెంచిన తోటే. ఆ ప్రజలు ఏటేటా ఆకు రాలిన కాలంలో చిన్న చిన్న మంటలు పెట్టి తుప్పలను తగులబెట్టేవారు. దానివలన కాయలిచ్చే చెట్లకు ఎండ తగిలేది, ఏరుకొనడానికి నేల శుభ్రపడేది, గడ్డి లేతగా మొలిచి జింకలు వచ్చేవి. వారు పోయిన తరువాత మంటలు ఆగినాయి. ఉద్యానవనానికి మొదటి సంరక్షకుడైన గేలెన్ క్లార్క్ తన వృద్ధాప్యంలో, బయళ్ళన్నీ పిల్ల చెట్లతో క్రమ్ముకొనిపోతున్నాయని విచారపడి వ్రాశాడు. చూడవచ్చినవారు పెరిగినారు, చూచుకొనేవారు లేకపోయినారు.

ఆ సాయంకాలం భోజనాల బల్ల దగ్గర ఒక వింత నియమం కనబడినది. ఎలుగుబంట్లు వస్తాయని, తినుబండారాలన్నీ ఇనుప పెట్టెలో పెట్టి గడియ వేయవలెనట. ఆపా చేసి తెచ్చిన ఖీమా రోటీలు కూడ ఆ పెట్టెలోకే వెళ్ళినాయి. మన తోటలకు కోతుల బెడద ఎటువంటిదో వారికి ఎలుగుల బెడద అటువంటిదని నవ్వుకొన్నాము.

మరునాడు మారిపోసా వనానికి వెళ్ళాము. అక్కడి సెకోయా చెట్లు భూమి మీద అతి భారీ వృక్షజాతి. 'గ్రిజ్లీ జెయంట్' అనే చెట్టు వయసు మూడువేల ఏళ్ళకు దగ్గర అని అంచనా. పది మంది చేయీ చేయీ కలిపినా దాని మొదలు చుట్టలేరు. అంతటి చెట్టు గింజ మాత్రం వడ్లగింజకంటె చిన్నది. పూర్వం ఈ వనంలోనే ఒక చెట్టు మొదలును 1881లో తొలిచి, బండ్లు పోయే దారి చేశారు. లోకమంతా దానిని ఫోటోలలో చూచి ఆనందించినది. 1969 శీతకాలంలో అది మంచు బరువుకు కూలినది. చూచేవారి సరదాకోసం తొలిచిన చెట్టు అది.

ఈ వనంలో మరొక విచిత్రం జరిగినది. చెట్లను కాపాడవలెనని దశాబ్దాలపాటు ఎక్కడ నిప్పు కనబడినా ఆర్పివేశారు. దానితో క్రొత్త మొక్క మొలవడం ఇంచుమించు మానివేసినది. 1960లలో హార్టెస్‌వెల్ట్ అనే శాస్త్రజ్ఞుడు కారణం కనుగొన్నాడు. సెకోయా కాయ ఏళ్ళ తరబడి మూసుకొనే ఉంటుంది. క్రింది మంట వేడికి అది విచ్చుకొంటుంది. రాలిన గింజకు ఆకుచెత్త లేని నేల, పైనుంచి ఎండ కావలె. అడుగు మందమున్న బెరడు పెద్ద చెట్టును మంట నుంచి కాచుకొంటుంది. అంటే ఆ చెట్టుకు నిప్పు శత్రువు కాదు, మంత్రసాని. అప్పటినుంచి ఉద్యానవనం వారే అదుపులో మంటలు పెట్టుతున్నారు. 2022 జూలైలో అడవి తగులబడి మంటలు ఈ వనంలోకి వచ్చినప్పుడు, ముందే తుప్పలు కాల్చి ఉంచడం వల్ల మహావృక్షాలు దక్కినాయి. తరిమివేసినవారి విద్యను వంద సంవత్సరాల తరువాత శాస్త్రం పేరుతో మరల నేర్చుకొన్నారన్న మాట.

ఇవన్నీ దూరదేశపు ముచ్చట్లని విద్యార్థులు అనుకొనరాదు. మీలో ఎందరో గోదావరి మీద లాంచీ ఎక్కి పాపికొండలు చూచి వచ్చినవారే. 1978లో అభయారణ్యమైన ఆ కొండలు 2008లో జాతీయోద్యానవనమైనాయి. అక్కడ తరతరాలుగా ఉన్నవారు కొండరెడ్లు, కోయలు. నిజాం ప్రభుత్వంలో పనిచేసిన హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుడు కొండరెడ్లను గురించి 1945లో ఒక పెద్ద గ్రంథమే ప్రకటించాడు. ఆ కొండజనులు మామిడి టెంకలోని జీడిని ఎండబెట్టి, నీటిలో నానబెట్టి చేదు పోగొట్టి, అంబలి కాచుకొని కరవు నెలలు గడిపేవారు. యోసెమిటీ బండలోని రోలును చూచినప్పుడు మాకు తట్టినది ఈ అంబలే. మనం రసం పీల్చి పారవేసిన టెంక వారికి అన్నమైనది. పోలవరం జలాశయం కోసం ఇల్లు విడిచిన, విడవవలసిన కుటుంబాలలో వారే ఎక్కువ. అడవిలో బ్రతికేవారి హక్కులను 2006 నాటి చట్టం గుర్తించినది. లాంచీ మీద నుంచి ఫోటో తీసుకొనే మనకు, ఒడ్డున కనబడే ఆ మనిషి దృశ్యంలో భాగంగా తోస్తాడు. ఆ దృశ్యాన్ని కాచినవాడు అతడే అని తోచదు.

తెలుగులో 'చూచుట', 'చూచుకొనుట' అనే రెండు క్రియలకు మధ్య ఉన్నది ఒక్క 'కొను' మాత్రమే. ఉర్దూలో 'దేఖ్‌నా', 'దేఖ్‌భాల్' కూడ ఒకే ధాతువు బిడ్డలు. మన పెద్దలు ఆ రెంటినీ ఒకే ఇంట ఉంచినారు. చూడకుండ చూచుకొనడం సాధ్యం కాదు. చూచుకొనకుండ చూస్తూ ఉండడం మాత్రం సాధ్యమే. అది ఎన్నాళ్ళు సాగుతుందో ఆ లోయ చెప్పుచున్నది.

ఇంటికి వచ్చిన తరువాత భాయిజాన్‌తో తోటలో కూర్చుండి మాటాడాము. దాదా పేరు ఎత్తలేదు. ఆయన ముందుగా ఖర్చుల పుస్తకం తెరిచారు. దున్నకం, మందులు, కాయలకు కవర్లు, కోతకూలి, కిరాయి. మూడు సంవత్సరాల లెక్కలో రెండు సంవత్సరాలు నష్టమే. దానికి ఎదురు చెప్పగల కవిత్వం ఏ భాషలోనూ లేదు. అప్పుడు చెట్లవైపు చూచాము. కొమ్మలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని, లోపలికి ఎండ చొరక, కాపంతా చివరి కొమ్మలకే పరిమితమై ఉన్నది. నిప్పు లేని సెకోయా వనానికి పట్టిన గతి ఇదే. ముదురు మామిడిని పెద్ద కొమ్మల వరకు కోసి, క్రొత్త చిగురు పెంచి పునరుద్ధరించే పద్ధతి ఉన్నది. మన నూజివీడులోనే మామిడి పరిశోధనా స్థానం ఉన్నది. అక్కడికి అన్నదమ్ములం ఇద్దరం కలిసి వెళ్ళి అడిగి వచ్చాము. రెండు మూడేళ్ళు కాపు ఉండదన్నారు. ఆ తరువాత కూడ పురుగును, ధరను ఎవరూ మాట ఇచ్చి ఆపలేరు.

భాయిజాన్ చాలాసేపు ఆలోచించి, "కాపు లేని సంవత్సరాల ఖర్చు ఎవరు పెట్టుకొంటారు?" అన్నారు. సగం మేము పెట్టుకొంటామన్నాము. "మందు కొట్టే రోజు ఎవరు వస్తారు?" అన్నారు. ఆదివారమైతే మేము వస్తామన్నాము. "పురుగు ఆదివారం చూచుకొని రాదు" అని ఆయన నవ్వారు. చివరకు మూడెకరాలు పామాయిల్‌కు వెళ్ళినది. దాదా నాటిన ఎకరం నిలిచినది. కాపు అయిపోయిన తరువాత కొమ్మలు కోయించాము. మోడులవలె నిలబడిన ఆ చెట్లను చూచి మా అమ్మాయి కంటనీరు పెట్టుకొన్నది. మేము దానికి సెకోయా కాయ కథ చెప్పాము. ఇప్పుడు మోళ్ళ చుట్టూ రాగిరంగు చిగుళ్ళు వచ్చాయి. వాటిలో బలమైనవాటిని ఉంచి, తక్కినవి తీసివేయడం ఆదివారాల పని. ఇంకను కాయ చూడలేదు.

విద్యార్థులారా, మీలో అనేకులు రేపు దేశదేశాలు తిరుగుతారు. తప్పక తిరగండి. సుందరమైన చోటు కనబడితే ఆగి కన్నుల నిండా చూడండి. దాని తరువాత అక్కడివారిని ఒక ప్రశ్న అడగండి: దీనిని ఇన్నాళ్ళు ఎవరు చూచుకొన్నారు, ఇప్పుడు ఎవరు చూచుకొంటున్నారు? జవాబు తెలిసిన తరువాత ఆ చోటు మరింత అందముగా కనబడవచ్చును, కొంత బరువుగా కూడ తోచవచ్చును. ఆ బరువులో మీ వంతు ఎంతో మీరే నిర్ణయించుకొనవలె. మా వంతుకు ప్రస్తుతానికి ఒక ఎకరం వచ్చినది.